ఆ రాత్రి తలుపు తీసిన పెద్దావిడకి, మీ అందరికీ

డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లందరికీ నమస్కారం. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయలేక ఇక్కడ రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు, ఒక కొత్త కళ్లజోడు, అంతే.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పోయిన గురువారం డ్యూటీ ముగించుకుని రాత్రి తొమ్మిదింపావుకి బస్సు దిగాను. నలుగురు కుర్రాళ్లు, పద్నాలుగు పదిహేనేళ్లుంటాయి, మీ దేశానికి పో అంటూ వెంటపడ్డారు. ముందు కోడిగుడ్లు విసిరారు. తర్వాత నిండు కూల్‌డ్రింక్ డబ్బా. పరిగెత్తి ఎవరి తలుపు కొట్టానో కూడా నాకు తెలీదు.

తలుపు తీసిన పెద్దావిడ ఎవరు, ఏమిటి అని అడగలేదు. లోపలికి లాగి గడియ పెట్టి, 999కి ఫోన్ చేసింది. సింకు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "వేడినీళ్లు పోస్తే గుడ్డు ఉడికి జుట్టుకి అంటుకుపోతుంది" అంటూ చన్నీళ్లతో కడిగి, పెంకు ముక్కలు వేళ్లతో ఒక్కొక్కటే ఏరింది. రోడ్డు మీద రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

2020 మార్చి 26 రాత్రి ఎనిమిదింటికి ఇదే వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి ఆసుపత్రుల్లో పనిచేసే మాకోసం చప్పట్లు కొట్టారు. ఈ కుర్రాళ్లకి అప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో, వాళ్లూ కొట్టే ఉంటారు. 2023 నవంబర్ 23న సిటీలో వలసొచ్చినవాళ్లకి వ్యతిరేకంగా అల్లర్లు చేసి బస్సులు తగలబెట్టిన రాత్రి నుంచి బస్సులో నా పక్క సీటు కాస్త ఎక్కువసేపు ఖాళీగా ఉంటోందని నాకనిపిస్తుంది. నా భ్రమే కావచ్చు.

మన గ్రూపులో మెసేజ్ చూసి కారేసుకొచ్చిన అన్నయ్యా, ఎమర్జెన్సీలో తెల్లారి నాలుగింటిదాకా నాతో కూర్చున్నారు. సిటిజన్‌షిప్ ఫైలు ఇంకా తేలలేదు, కంప్లైంట్ దానికి అడ్డొస్తుందేమోనని నేను నసుగుతుంటే, "దెబ్బలు తిన్నది నువ్వమ్మా, కొట్టింది నువ్వు కాదు" అని గార్డా (ఇక్కడి పోలీసు) స్టేషన్‌కి మీరే తీసుకెళ్లారు. జాతి మీద, జాతీయత మీద ద్వేషంతో చేసిన దాడి అని రుజువైతే శిక్ష పెరిగే చట్టం 2024 డిసెంబర్ 31 నుంచి ఇక్కడ అమల్లో ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఇలాంటిది ఎవరికి జరిగినా కంప్లైంట్ ఇవ్వండి, పల్స్ నంబర్, అంటే పోలీసుల రికార్డులో మీ కేసుకిచ్చే నంబర్, అడిగి రాసుకోండి.

నిర్మానుష్యంగా ఉండే చోట్లకి వేళకాని వేళ వెళ్లొద్దని 2025 ఆగస్టు 1న మన ఎంబసీ సూచన ఇచ్చింది. మంచి మాటే, కానీ మా డ్యూటీ దిగేదే ఆ వేళకి. అందుకని వంతులు వేసుకుని బస్టాపుకి ఎదురొస్తున్న అక్కలూ, మీ రుణం ఎలా తీర్చుకోను?

ఆ పెద్దావిడకి తెలుగు రాదు, ఇది చదవదు. ఆవిడ టవల్ నా దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు ఉతికినా రక్తం మరక పూర్తిగా పోలేదు. ఆదివారం కొత్తది కూడా కొనుక్కుని, రెండూ ఇచ్చొస్తాను.