ఎండాకాలం అడవి పనికి మన పిల్లల్ని కూలి ఇచ్చి పిలవండి

సంపాదకులకు నమస్కారం.

మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతే కాలేజీలు మళ్లీ తెరిచేది జూన్‌లోనే. ఈ మధ్యలో మా అచ్చంపేట, అమ్రాబాద్, లింగాల మండలాల్లో పని లేకుండా ఉండిపోయే పిల్లలు ఎంతమందో ఇక్కడుండేవాళ్లకు తెలుసు. ఎప్‌సెట్ రాసేవాళ్లు కోచింగుల్లో పడతారు, హైదరాబాద్ బస్సెక్కగలిగినవాళ్లు ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికో ఫుడ్ డెలివరీకో పోతారు, మిగతావాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటిపట్టునే ఉంటారు. సరిగ్గా ఇవే నెలల్లో పక్కనున్న నల్లమలకు మనుషులు కావాలి, ఉన్న సిబ్బంది ఎటూ చాలరు. ఒకవైపు పని ఉంది, ఇంకోవైపు చేయగలిగినవాళ్లున్నారు, ఇద్దరినీ కలిపే ఏర్పాటు లేదు. అది పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. సేవ, శ్రమదానం అని పేరు పెట్టి ఉచితంగా చేయించుకోకుండా, కూలి కట్టించి పెట్టమని అడుగుతున్నాను.

ఎండాకాలం అడవి పనంటే చాలామందికి మొక్కలు నాటడమే గుర్తొస్తుంది. నాటేది వానల్లో. ఎండల్లో ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ఆ పని ఎవరికీ కనపడదు, దానికి బ్యానరూ ఉండదు, ఫొటో కూడా అంత అందంగా రాదు. ఫిబ్రవరి నడిమి నుంచి టేకు, నల్లమద్ది ఆకు రాల్చేస్తాయి, నేలంతా మడమ లోతు ఎండుటాకు పరుచుకుంటుంది, దాని మీద ఒక బీడీ ముక్క పడితే చాలు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి తేలికగా ఉంటుందని చెట్టు కింద ఆకుకు నిప్పు పెట్టేవాళ్లున్నారు, గడ్డి కొత్తగా మొలుస్తుందని పెట్టే పశుల కాపరులున్నారు, శ్రీశైలం పోతూ రోడ్డు పక్కన వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోయే జనం సరేసరి. మన అడవుల్లో తనంతట తాను అంటుకునే మంట బహు తక్కువ, దాదాపు ప్రతి మంట వెనకా ఒక మనిషి ఉంటాడు.

ఆ మంట సినిమాల్లో చూపించినట్టు చెట్ల తలల మీద ఎగిసిపడదు. మోకాలెత్తున, నేల పట్టుకుని, ఆకు ఉన్నంత మేరా పాకుతుంది. పెద్ద చెట్లు బతికి బయటపడతాయి కాబట్టి రోడ్డు మీద నుంచి చూసినవాళ్లకు పెద్ద నష్టం జరిగినట్టు అనిపించదు. కానీ నిరుడు మొలిచిన మొక్క, నేల మీద గూడు పెట్టిన పిట్ట గుడ్లు, తాబేలు, రాలిన విత్తనం, అన్నీ పోతాయి. ఏటా ఇలా కాలితే ముసలి చెట్ల కింద వాటి తర్వాతి తరం ఉండదు. ఆ మంటను ఆపేది చాలా మామూలు ఏర్పాటు. రెండు మూడు మీటర్ల వెడల్పున ఆకూ గడ్డీ తీసేసి మట్టి కనపడేలా చేసిన బాట, దాన్నే ఫైర్ లైన్ అంటారు. మంట అక్కడికొచ్చి, తినడానికి ఏమీ దొరక్క చచ్చిపోతుంది. అయితే ఒకసారి తీసి వదిలేస్తే కుదరదు, గాలికి వారంలో మళ్లీ ఆకు చేరుతుంది, మళ్లీ ఊడ్వాలి, సీజనంతా ఊడుస్తూనే ఉండాలి. వీపుకు తగిలించుకుని ఆకును గాలితో ఊదేసే బ్లోయర్లు వచ్చాక పని తేలికైంది గానీ వాటిని మోసే మనుషులు కావాలి కదా.

ఉపగ్రహాలున్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉపగ్రహంలో మంట కనపడగానే కింది సిబ్బంది ఫోన్లకు మెసేజ్ పంపిస్తారు, మంచి ఏర్పాటే. కానీ ఆ ఉపగ్రహం రోజుకు కొన్ని సార్లే మన మీదుగా వెళుతుంది, అది చూసేది 375 మీటర్ల గళ్లలో, మెసేజ్ వచ్చాక గుట్టెక్కి అక్కడికి నడిచిపోవాల్సింది మనిషే. అమ్రాబాద్ టైగర్ రిజర్వే 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ అవతల నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు దానికంటే పెద్దది.

ఇక నీళ్లు. జంతువుల కోసం అడవిలో అక్కడక్కడా సాసర్ పిట్లు కట్టారు, నేల మట్టానికి పళ్లెంలా సిమెంటుతో కట్టి, జింక పిల్ల కూడా దిగి తాగి మళ్లీ ఎక్కగలిగేలా అంచులు వాలుగా పెడతారు. ఏప్రిల్ వచ్చేసరికి వాగులు ఎండిపోతాయి, వీటిని ట్యాంకర్లతో నింపాలి. నింపి వెళ్లిపోతే సరిపోదు. ఆకులు పడి కుళ్లుతాయి, నాచు పడుతుంది, రెండు మూడు రోజులకోసారి తోడి కడగాలి. నీళ్లకు జంతువులు వస్తాయని తెలిసి చుట్టుపక్కల ఉచ్చులు పెట్టేవాళ్లుంటారు, తీగ దొరుకుతుందేమో వెతకాలి. ఏ జంతువు వచ్చి వెళ్లిందో అడుగులు చూసి రాసుకోవాలి. ఇంత పని అడవిలో ఒక ముక్కను చూసుకునే బీట్ ఆఫీసర్ ఒకరు, ఇద్దరు కాపలా వాచర్ల మీద వేస్తున్నాం.

జాతరల సంగతి విడిగా చెప్పాలి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం శివుడి జాతర, ఉగాదికి ఆంధ్రప్రదేశ్‌లోని ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్లే కన్నడ భక్తులు, ఇదంతా పట్టెండలో నట్టడవిలో జరిగే వ్యవహారం. భక్తిని ఎవరూ తప్పుపట్టరు. వాళ్ల వెనక మిగిలే నీళ్ల బాటిళ్లు, గుట్కా కవర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు ఎవరు ఏరాలి? ఉప్పు, నూనె అంటిన కవరును జింక నములుతుంది, కోతి చింపుతుంది. దారి మొదట్లోనే ఇద్దరు పిల్లలు నిలబడి బాటిల్‌కు డిపాజిట్ తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బాటిల్ చూపిస్తే డబ్బు ఇచ్చేస్తే చెత్త సగానికి సగం అడవిలో పడనే పడదని నా నమ్మకం.

ఇది గాలిలో మేడ కాదు, వేరే చోట జరిగిందే. 1933లో అమెరికాలో ఆర్థిక మాంద్యంతో కుర్రాళ్లు పని లేక తిరుగుతుంటే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టింది. నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. 1942లో ఆపేసేలోగా దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేశారు, 300 కోట్ల మొక్కలు నాటారు, మంటలు ఆర్పారు, అక్కడి పార్కుల్లో వాళ్లు వేసిన బాటల మీద ఈనాటికీ జనం నడుస్తున్నారు. అయితే నల్లజాతి యువకులకు వేరే క్యాంపులు పెట్టారు, ఆడపిల్లలను అసలు తీసుకోలేదు. ఆ తప్పులు మనం మళ్లీ చేయనక్కర్లేదు. తర్వాత 1970లో 15 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం, అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరికీ, యూత్ కన్జర్వేషన్ కోర్ అని వేసవి సెలవుల పథకం తెచ్చారు, అది ఇప్పటికీ ఉంది, దానికీ జీతం ఉంది. అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ల పిల్లలు దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అచ్చంపేట పిల్లలకు అలాంటిది ఎందుకు ఉండకూడదు?

మనకు కాలేజీల్లో ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, ఉంది కదా అంటారేమో. 1969 నుంచీ ఉంది, రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు. లెక్చరర్‌గా పనిచేసిన రోజుల్లో ఆ క్యాంపులకు పిల్లల్ని నేనూ తీసుకెళ్లాను, ఎన్ఎస్ఎస్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఫైర్ లైన్‌కు ఏడు రోజులు చాలవు. ఇంకో సంగతి, ఊరికే పని చేయమంటే రాగలిగేది ఇంట్లో తిండికి లోటు లేని పిల్లలే. వేసవిలో నాలుగు డబ్బులు సంపాదించుకుంటే తప్ప ఫీజు కట్టలేని పిల్లవాడికి ఆ దారి మూసేసినట్టే. వాడికే ఈ పని అందరికంటే ఎక్కువ అవసరం, అడవిలో ఎండను తట్టుకునేదీ వాడే.

పని ఎలా ఉండాలో కూడా చెబుతాను. పద్దెనిమిది నిండినవాళ్లనే తీసుకోవాలి. మండుతున్న మంట దగ్గరికి వీళ్లను పంపకూడదు, ఎదురు మంట పెట్టి ఆర్పడం లాంటివి అనుభవం ఉన్న వాచర్లు చేసే పని, అందులో ప్రాణాల మీదికి వస్తుంది. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా పని, మళ్లీ ఎండ తగ్గాక గంటో రెండు గంటలో. బూట్లు, టోపీ, నీళ్లు, ఓఆర్ఎస్, బీమా, ఆడపిల్లలకు విడిగా బస, ఇవి లేకపోతే మొదలుపెట్టనే కూడదు. కూలి పదిహేను రోజులకోసారి వాళ్ల సొంత ఖాతాలో పడాలి, ఆలస్యమైతే పిల్లలు రెండో నెల రారు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

ముందుగా చెంచు పెంటల్లోని, అంటే అడవిలో చెంచు గిరిజనులుండే చిన్న గూడేల్లోని, యువతను తీసుకోవాలి. ఆ పెంటల పెద్దలను నేర్పేవాళ్లుగా పెట్టి, అందుకు తగ్గ జీతం ఇవ్వాలి. అడుగు చూసి జంతువును చెప్పడం, గాలి చూసి మంట ఎటు మళ్లుతుందో చెప్పడం వాళ్లకు తెలిసినంత ఏ ట్రైనింగ్ సెంటరూ నేర్పదు. పెంటల పరిధిలో ఏ పని పెట్టినా అక్కడి గ్రామసభను అడిగే పెట్టాలి.

డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. అడవి భూమిని వేరే పనులకు ఇచ్చినప్పుడు పరిహారంగా వసూలు చేసే డబ్బును కంపా నిధులంటారు, 2019లో కేంద్రం వాటిని పంచినప్పుడు తెలంగాణకు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు వచ్చాయి, అడవి మంటల నివారణకు ఆ నిధి వాడుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. తెలంగాణలో మొక్కల పెంపకానికి పెట్టిన హరితనిధి కోసమని కాలేజీలో చేరే విద్యార్థుల దగ్గర కూడా కొంత తీసుకోవాలని 2021లో నిర్ణయించారు. పిల్లల దగ్గర డబ్బు తీసుకోవడం గుర్తొచ్చినప్పుడు పిల్లలకు పని ఇవ్వడం కూడా గుర్తు రావాలి.

రెండు ప్రభుత్వాలూ కలిసి అమ్రాబాద్ వైపు ఒక రేంజ్, ఆత్మకూరు వైపు ఒక రేంజ్ ఎంచుకుని ఈ వచ్చే ఎండాకాలమే మొదలుపెట్టొచ్చు, మంటకు కృష్ణ ఇవతలా అవతలా అని తేడా లేదు. చదువు అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు ఫిబ్రవరి నుంచే రాగలరు, పద్దెనిమిది నిండిన ఇంటర్, డిగ్రీ పిల్లలు పరీక్షలు కాగానే ఏప్రిల్‌లో చేరతారు. దరఖాస్తులు నవంబరులో పిలిస్తేనే జనవరిలో శిక్షణ పూర్తవుతుంది. ఫిబ్రవరిలో పొగ కనపడ్డాక మొదలుపెడితే ఆ ఏడాది పోయినట్టే. అటవీశాఖ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), ఇంటర్ బోర్డు అధికారులు ఒకసారి కూర్చుని తేదీలు ఖరారు చేయాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా