ఫార్మాట్ చేసే ముందు ఒక్కమాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలి’ అని, అంటే ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేయాలని, కంప్యూటర్ అడిగితే, మరో మాట లేకుండా నొక్కేసే షాపులు మా ఊళ్లో చాలా ఉన్నాయి. నేను తెనాలిలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఈ అలవాటు మానాలని తోటి షాపులవాళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఈమధ్య ఒక పెద్దాయన, చనిపోయిన తన భార్య పాడిన అన్నమయ్య కీర్తనలున్న పెన్‌డ్రైవ్ తెచ్చారు. అప్పటికే వేరే షాపులో ఫార్మాట్ చేసి ‘బాగైంది, తీసుకెళ్లండి’ అని ఇచ్చేశారట. తెరిచి చూస్తే ఖాళీ. త్వరగా అయిపోయే ‘క్విక్ ఫార్మాట్’లో పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే. అసలు డేటా, దానిమీద కొత్తది ఎక్కించేదాకా అలాగే ఉంటుంది. అదృష్టంకొద్దీ వాళ్లు ఏమీ ఎక్కించలేదు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటలు వచ్చాయి కానీ పేర్లు పోయి అన్నీ నంబర్లే. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్కటీ విని చెబుతుంటే నేను పేర్లు టైప్ చేశాను. కొన్ని సగంలోనే తెగిపోయాయి. అవి రాలేదని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పెన్‌డ్రైవ్ మొరాయిస్తే ముందు సీపీయూ వెనకవైపు పోర్ట్‌లోనూ, ఇంకో కంప్యూటర్‌లోనూ పెట్టి చూడాలి. విండోస్‌లో డ్రైవ్‌లన్నిటినీ చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు సరిగ్గా కనిపిస్తే డేటా దొరికే ఆశ ఉంటుంది. ‘నో మీడియా’ అని వస్తే మాత్రం లోపలి చిప్పులే దెబ్బతిని ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్‌తో లాభం ఉండదు. విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్‌తో రిపేరు కూడా వెంటనే వద్దు, అది డ్రైవ్‌మీద మార్పులు రాస్తుంది. డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం ఇమేజ్, అంటే డ్రైవ్‌కు అచ్చు నకలు, తీసుకుని, ఏం చేసినా ఆ కాపీమీదే చేయాలి. ఒక్కోసారి బాగా అరిగిన పెన్‌డ్రైవ్ ‘రైట్ ప్రొటెక్టెడ్’ అయిపోతుంది, అంటే కొత్తగా ఏమీ రాయనివ్వదు. ఆ అడ్డు తీసేయడానికి తంటాలు పడకుండా, చదవనిస్తున్నప్పుడే అన్నీ కాపీ చేసుకోవాలి.

నకిలీల బెడద వేరే ఉంది. రెండు టీబీ అని కొన్ని వందలకే అమ్మేవాటిలో నిజంగా ఉండేది కొద్ది జీబీలే. కంప్యూటర్‌కు ఎక్కువ చూపేలా లోపలి ప్రోగ్రామ్ మార్చేస్తారు. నిండాక ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరుచుకోవు. కొన్న వెంటనే, ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది. బిల్లు ఉంచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే ఫొటోగ్రాఫర్లు, ఇంకోచోట కూడా కాపీ పెట్టుకోమని ఆ ఇంటివాళ్లకు దయచేసి చెప్పండి. షాపులవాళ్లు ఫార్మాట్ నొక్కే ముందు ‘ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా?’ అని అడగండి.

– ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు, తెనాలి