వీడియో ఆగింది, అక్షరాలు ఆగలేదు

ఒరేయ్,

నీ ఉత్తరం చేరింది. సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ప్రథమ చికిత్స) నేర్పే పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్‌లో వీడియో పక్కనే తెలుగు క్యాప్షన్లు సరిగ్గా సమయానికి రావాలి, ఎలా చెయ్యాలో చెప్పమన్నావు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుందామనే కూర్చున్నాను. కానీ ముందు నా పరువు పోయిన కథ చెప్పకపోతే నువ్వూ అదే గోతిలో పడతావు.

పోయినసారి నేనూ సరిగ్గా ఇలాంటిదే చేశాను. వీడియో తొంభై సెకన్లు, పక్కన ఆరు టెక్స్ట్ బాక్సులు. ఒక్కోదానికి ఫేడ్ (మెల్లగా తేలి కనపడే యానిమేషన్) పెట్టి, స్టార్ట్ దగ్గర ‘విత్ ప్రీవియస్’ (ముందున్నదానితో పాటే) అని, డిలే (ఎంతసేపు ఆగి రావాలి) దగ్గర 8, 21, 34 అంటూ సెకన్లు వేసుకుంటూ పోయాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అర్ధరాత్రి దాకా అదే పని. ఇంట్లో పదిసార్లు నడిపితే పదిసార్లూ తేడా లేకుండా నడిచింది. మర్నాడు అందరి ముందు వీడియో సగంలో ఉండగా ఒకాయన చెయ్యెత్తి, చేతులు ఖచ్చితంగా ఎక్కడ ఆనించాలని అడిగాడు. వీడియో ఆపి, స్క్రీన్‌కి వీపు పెట్టి శ్రద్ధగా చెప్తున్నాను. జనం ముసిముసిగా నవ్వుతున్నారు. ఏమిటా అని వెనక్కి తిరిగితే, వీడియోలో మనిషి చేతులు ఛాతీ మీద అలాగే బిగుసుకుని ఉన్నాయి. పక్కన మాత్రం ‘ఇప్పుడు 2 శ్వాసలు ఇవ్వండి’ అని వచ్చింది. నేను చూస్తుండగానే ‘అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు’ అని కూడా వచ్చేసింది!

తప్పు నాదే. డిలే అనేది స్లైడ్ గడియారాన్ని చూసుకుంటుంది, వీడియో ఎక్కడిదాకా వచ్చిందో దానికి పట్టదు. నువ్వు వీడియో ఆపినా, లాప్‌టాప్ నీరసంగా ఉండి వీడియో రెండు సెకన్లు ఆలస్యంగా మొదలైనా, దాని లెక్క దానిదే. అందుకే నీకు డిలే వద్దు, బుక్‌మార్కులు వాడు, అంటే వీడియోలోనే ఫలానా క్షణం దగ్గర పెట్టే గుర్తులు. పవర్‌పాయింట్‌లో ఈ సదుపాయం 2010 వెర్షన్ నుంచీ ఉంది. నా కంటికే ఆనలేదు.

ముందు వీడియోలో అక్కర్లేని తలా తోకా ట్రిమ్ చేసెయ్. ఇది మొదటే చెయ్యి, మార్కులన్నీ పెట్టాక కోతలు మొదలెడితే మళ్ళీ అన్నీ సరిచూసుకోవాల్సి వస్తుంది. తర్వాత వీడియో మీద క్లిక్ చేసి ప్లే చెయ్. మాట రావాల్సిన చోట ఆపి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ‘యాడ్ బుక్‌మార్క్’ నొక్కు. కింద బార్ మీద చిన్న చుక్క పడుతుంది. అలా మొదటి నుంచి చివరిదాకా వరసగా పెట్టుకుంటూ వెళ్ళు. అప్పుడు టెక్స్ట్ బాక్స్‌ని పట్టుకుని యానిమేషన్ ఇచ్చి, అది దేనివల్ల మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌లో ‘ఆన్ బుక్‌మార్క్’ కిందున్న జాబితాలోంచి దాని చుక్కని ఎంచుకో. అంతే. ఇక వీడియో ఆ చుక్క దగ్గరకు వస్తేనే మాట వస్తుంది. నువ్వు మధ్యలో ఆపి అరగంట ఉపన్యాసం ఇచ్చుకున్నా అది నీకోసం కాచుకుని కూర్చుంటుంది.

నేను ఓ గంట తల పట్టుకున్న చోటు ఇంకొకటుంది. వచ్చిన మాట పోవాలి కూడా కదా, లేకపోతే ఆరూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పోవడానికి ఎగ్జిట్ యానిమేషన్ ఇవ్వాలి. దాన్ని మామూలు గ్యాలరీలోంచి ఎంచుకున్నావో, ముందు పెట్టిన ఫేడ్ ఎగిరిపోయి దాని స్థానంలో ఇది కూర్చుంటుంది. పక్కనున్న ‘యాడ్ యానిమేషన్’ బటన్‌లోంచి ఇస్తేనే రెండూ ఉంటాయి. మొదటి మాట పోవడం, రెండో మాట రావడం రెండింటినీ రెండో బుక్‌మార్క్‌కే కట్టు. యానిమేషన్ పేన్ తెరిచి, ఆ జంటలో రెండోదాన్ని ‘విత్ ప్రీవియస్’ చెయ్. అప్పుడు ఒకటి దిగిపోతుంటే ఇంకొకటి ఎక్కుతుంది, మధ్యలో ఖాళీ కనపడదు. బాక్సులన్నీ ‘టెక్స్ట్‌బాక్స్ 7’, ‘టెక్స్ట్‌బాక్స్ 9’ అని ఉంటే పిచ్చెక్కుతుంది. ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే సెలెక్షన్ పేన్ వస్తుంది, అక్కడ ఒక్కోదానికి అర్థమయ్యే పేరు పెట్టుకో.

ఫేడ్ తప్ప ఇంకేమీ వాడకు. నీ సంగతి నాకు తెలుసు, గిరగిరా తిరుగుతూ వచ్చేవి చూస్తే ఆగలేవు. అక్కడ ఒక మనిషి ప్రాణం పొయ్యడం చూపిస్తున్నాం రా, అక్షరాలు బొంగరంలా తిరిగితే చూపు ఎటు పోతుంది? ఎఫెక్ట్ ఆప్షన్స్‌లో ఒక్కో అక్షరం చొప్పున వచ్చేది ఒకటుంది, తెలుగుకి దాని జోలికి పోవద్దు. ‘లక్ష్మి’ మనకి రెండక్షరాలు, కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఏడు ముక్కలు. మాట మొత్తం ఒకేసారి రానివ్వు.

ఇక ఏం రాయాలి అన్నది. నువ్వు వీడియోలో గొంతు చెప్పేదంతా అక్షరం పొల్లుపోకుండా పక్కన రాద్దామనుకుంటున్నట్టున్నావు. వద్దు. రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చాలా ఏళ్ళు ఇదే పరీక్షించాడు. బొమ్మ నడుస్తూ, మాట వినిపిస్తూ ఉండగా అదే మాట తెర మీద కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుందని తేల్చాడు. కన్ను బొమ్మని చూడాలా, చదవాలా? విషయానికి పక్కనే పెట్టిన రెండు మూడు ముక్కలు మాత్రం సాయమే చేస్తాయి. కాబట్టి ‘ఛాతీ మధ్యలో’, ‘కనీసం 5 సెం.మీ. లోతు’, ‘నిమిషానికి 100–120’, ‘30 నొక్కులు, 2 శ్వాసలు’. ఇంతే. సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళ పాత లెక్క ప్రకారం నిండుగా ఉన్న రెండు లైన్లకి ఆరు సెకన్లు. నీవి నాలుగు మాటలే కాబట్టి మూడు సెకన్లుంటే హాయిగా చదివేస్తారు.

అయితే చెవులు వినపడనివాళ్ళు కూడా వస్తారని రాశావు చూడు, వాళ్ళకి ఈ ముక్కలు చాలవు, మొత్తం మాటలు కావాల్సిందే. అది యానిమేషన్‌తో చెయ్యకు, చచ్చిపోతావు. నోట్‌ప్యాడ్‌లో వీటీటీ ఫైలు (సమయాలతో సహా క్యాప్షన్లు రాసే ఫైలు) రాసుకో. మొదటి లైన్లో వెబ్‌వీటీటీ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలి. తర్వాత ఒక్కో మాట ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ముగుస్తుందో, దాని కింద ఆ మాట. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకో, లేకపోతే తెలుగు కాస్తా ప్రశ్నార్థకాల వరస అవుతుంది. మైక్రోసాఫ్ట్ 365లో ప్లేబ్యాక్ ట్యాబ్‌లోనే ‘ఇన్సర్ట్ క్యాప్షన్స్’ ఉంటుంది, దాంతో ఈ ఫైలుని వీడియోకి తగిలించు.

‘ప్లే ఫుల్ స్క్రీన్’ టిక్ తీసెయ్, అది ఉంటే వీడియో తెరంతా పరుచుకుని నీ మాటలన్నీ దాని వెనక్కి పోతాయి. ఫాంట్ నిర్మలా యూఐ పెట్టుకో, విండోస్ 8 నుంచీ విండోస్‌తోనే వస్తోంది. ఏదో అందమైన ఫాంటే కావాలంటే ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర దాన్ని ఫైల్లోనే ఎంబెడ్ చెయ్.

అంతా అయ్యాక ఫైలు నాకు పంపు. ముందు సౌండ్ తీసేసి చూస్తాను, తర్వాత నీకు ఫోన్ చేసి, ఇష్టమొచ్చిన చోట వీడియో ఆపి ఓ పిచ్చి ప్రశ్న అడుగుతాను. సమాధానం సిద్ధంగా పెట్టుకో.

నీ
పరువు పోయిన మిత్రుడు