ఓడ ఎక్కినా దేశం దాటినట్టే

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం సంచికలో కరీబియన్ ద్వీపాల ఓడ ప్రయాణాల మీద వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో అందరమూ చదివాము. ద్వీపాల వర్ణన ఎంతో బాగుంది గాని, "అమెరికా రేవులో బయలుదేరి మళ్లీ అదే రేవుకు చేరే ఓడలకు పాస్‌పోర్టు అవసరం లేదు" అన్న ఒక్క వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది అమెరికా పౌరులకు మాత్రమే చెల్లే మాట. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి కొడుకుల దగ్గరికో కూతుళ్ల దగ్గరికో వెళ్లి, ఆరు నెలలు ఉండి వచ్చే మా వంటి తల్లిదండ్రులకు అది ఏ మాత్రమూ వర్తించదు. ఇదే మాటను నమ్మి గత ఏడాది మా కుటుంబం రేవు దాకా వెళ్లి వెనక్కి రావలసి వచ్చింది కాబట్టి, మీ పాఠకులకు అసలు సంగతి తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మేము వెళ్లినప్పుడు, టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరి జమైకా, గ్రాండ్ కేమన్, మెక్సికోకు చెందిన కొజుమెల్ ద్వీపం చూపించి ఏడు రోజులకు తిరిగి తీసుకువచ్చే ఓడకు మా అందరికీ టికెట్లు తీసుకున్నాడు. బుకింగ్ చేసిన ఏజెంటు ఫోనులో, "అదే రేవుకు తిరిగి వస్తారు కాబట్టి కాగితాల గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు" అన్నాడట. నా భార్య పాస్‌పోర్టు గడువు దగ్గర పడినందువల్ల, అమెరికా బయలుదేరే ముందే నల్లగొండ తపాలా కార్యాలయంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేసి కొత్తది తీసుకున్నాము. పదేళ్ల అమెరికా వీసా మాత్రం పాత పుస్తకంలోనే ఉండిపోయింది. పాత పుస్తకానికి మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి మా చేతికి ఇచ్చారు. హైదరాబాద్ విమానాశ్రయంలోనూ డాలస్‌లోనూ రెండు పుస్తకాలూ చూపించాము, ఏ ఇబ్బందీ రాలేదు. అబ్బాయి ఇంటికి చేరిన తరువాత మాత్రం ఆమె, మూల తెగిన పుస్తకంతో ఇక పని లేదనుకొని, దానిని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టింది. రేవుకు వచ్చింది కొత్త పుస్తకంతోనే.

డాలస్ నుంచి గాల్వెస్టన్‌కు కారులో దాదాపు అయిదు గంటల దారి. టెర్మినల్‌లో మా ముందు వరుసలో ఒక అమెరికన్ వృద్ధ దంపతులు నిలబడి ఉన్నారు. ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి, బల్ల మీద పరిచి, పక్కన డ్రైవింగ్ లైసెన్సు పెట్టాడు. అది ఆయన జనన ధ్రువపత్రం. రెండు నిమిషాలలో ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు. తరువాత మా వంతు. అక్కడ కూర్చున్న అమ్మాయి నా భార్య కొత్త పాస్‌పోర్టును మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఒక్కొక్కటిగా తిప్పింది. అన్నీ ఖాళీ పేజీలే. మళ్లీ మొదటి నుంచి తిప్పి, మర్యాదగానే, "వీసా ఎక్కడ ఉంది?" అని అడిగింది. వీసా ఉన్న పుస్తకం అయిదు గంటల దూరంలో బీరువాలో ఉంది. ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటో చూపించాము, కాని అది చెల్లదన్నారు. అసలు పుస్తకం తెచ్చి చూపించేందుకు ఓడ ఆగదు కదా.

అబ్బాయి ప్రయాణం మొత్తం మానుకుందామన్నాడు. ఆరేళ్ల మనుమడు ఈత బట్టల సంచి భుజానికి తగిలించుకొని నిలబడి ఉన్నాడు. వాళ్ల ముగ్గురినీ మేమే బలవంతాన ఓడ ఎక్కించి, నేనూ నా భార్యా ఒడ్డున ఉండిపోయాము. హ్యూస్టన్‌లో ఉన్న నకిరేకల్ అబ్బాయి ఒకరు, నా పాత విద్యార్థి, వచ్చి మమ్మల్ని తన ఇంటికి తీసుకువెళ్లి ఆ వారం రోజులు కన్న కొడుకులా చూసుకున్నాడు. మా ఇద్దరి టికెట్ల డబ్బు తిరిగి రాలేదు. ఆ డబ్బు కన్నా, "నా వల్లనే ఇట్లా అయింది" అని నా భార్య ఇప్పటికీ అనుకోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. తప్పు ఆమెది కాదు. రద్దయిన పాస్‌పోర్టులో ఉన్న వీసా రద్దు కాదని, దాని గడువు ముగిసే దాకా ఆ రెండు పుస్తకాలూ కలిసే ప్రయాణం చేయాలని ఆమెకు విడమరచి చెప్పినవారు ఎవరూ లేరు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నేను కూడా చెప్పలేదు.

ఇక నిబంధన సంగతి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత, 2004లో చేసిన చట్టాన్ని అనుసరించి అమెరికా తన సరిహద్దు నియమాలను మార్చింది. అంతకు ముందు అమెరికా పౌరులు కరీబియన్ ద్వీపాలకు పాస్‌పోర్టు లేకుండానే వెళ్లివచ్చేవారు. 2007 జనవరి 23 నుంచి విమానంలో తిరిగి వచ్చేవారికి పాస్‌పోర్టు తప్పనిసరి అయింది. 2009 జూన్ 1 నుంచి నేల మీదా నీటి మీదా వచ్చేవారికి కూడా పాస్‌పోర్టు గాని, పాస్‌పోర్టు కార్డు వంటి గుర్తింపు పొందిన పత్రం గాని ఉండాలన్నారు. ఒకే రేవులో మొదలై అదే రేవులో ముగిసే ఓడ ప్రయాణాలకు మాత్రం తమ పౌరుల కోసం ఒక మినహాయింపు ఉంచారు. అటువంటి వారికి జనన ధ్రువపత్రమూ ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డూ ఉంటే చాలు. పదహారేళ్ల లోపు పిల్లలకైతే జనన ధ్రువపత్రం ఒక్కటే సరిపోతుంది. మీ వ్యాసంలోని వాక్యానికి మూలం ఈ మినహాయింపే.

ఈ మినహాయింపును నమ్ముకోవడం అమెరికా పౌరులకు కూడా అన్నివేళలా మంచిది కాదు. మధ్య దారిలో ఏదైనా ద్వీపంలో జబ్బు చేసి ఓడ దిగవలసి వచ్చినా, ఊరు చూస్తూ ఓడను అందుకోలేకపోయినా, తిరిగి రావడం విమానంలోనే. జనన ధ్రువపత్రం చూపిస్తే విమానం ఎక్కనివ్వరు, పాస్‌పోర్టు కార్డు కూడా దేశాల మధ్య విమాన ప్రయాణానికి చెల్లదు. అమెరికా ప్రభుత్వమే తన పౌరులకు పాస్‌పోర్టు పుస్తకం వెంట పెట్టుకొని ఓడ ఎక్కడం మేలని సలహా ఇస్తుంది. పైగా ఓడ ఆగే ద్వీపం పాస్‌పోర్టు అడిగితే అమెరికా మినహాయింపు అక్కడ పనికిరాదు. పౌరసత్వం వచ్చిన మన పిల్లలు ఈ సంగతిని తమ పిల్లల విషయంలో గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో అసలు చిక్కు ఏమిటంటే, ఒకే ఇంటివాళ్లు ఒకే ఓడ ఎక్కుతున్నా ఒక్కొక్కరికి ఒక్కొక్క నిబంధన వర్తిస్తుంది. మా ఇంటినే తీసుకోండి. అక్కడ పుట్టిన మనుమడికి జనన ధ్రువపత్రం చాలు. మాకు భారత పాస్‌పోర్టుతో పాటు, ఎన్నిసార్లయినా ప్రవేశించే వీలున్న, గడువు తీరని అమెరికా వీసా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి అమెరికాలోకి తిరిగి రావడానికి ఆ కార్డు పనికివస్తుంది గాని, ఓడ ఆగే దేశాలు అడిగేది వారి భారత పాస్‌పోర్టునే. అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడవలసినవారు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినా, హెచ్-1బీ మంజూరైనట్టు తెలిపే ఐ-797 ఆమోద పత్రమూ, అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 నమోదులోని గడువూ సరిగ్గా ఉంటే వాళ్లు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ఉండవచ్చు. ఓడ ఎక్కి జమైకాకో బహామాస్‌కో వెళ్తే మాత్రం దేశం దాటినట్టే లెక్క, తిరిగి రావడానికి గడువు ఉన్న స్టాంపు కావాలి. కెనడా, మెక్సికోలకు మాత్రమే వెళ్లి ముప్పై రోజుల లోపు తిరిగి వచ్చేవారికి కొన్ని షరతులతో సడలింపు ఉంది. దానిని కరీబియన్ ద్వీపాలకు కూడా వర్తింపజేసింది ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులు మొదలైనవారికీ వారి కుటుంబాలకే, అందులోనూ క్యూబాకు వర్తించదు. చదువుకునే రోజుల్లో ద్వీపాలకు వెళ్లివచ్చిన స్నేహితుడి మాట విని, ఉద్యోగంలో చేరిన తరువాత అదే ధైర్యంతో బయలుదేరితే ఇల్లు, కారు, ఉద్యోగం అమెరికాలో ఉండగా తాను హైదరాబాద్ వచ్చి వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

తల్లిదండ్రుల విషయంలో ఇంకొక అపోహ కూడా ఉంది. అయిదు నెలలు గడిచాక ద్వీపాలకు వెళ్లివస్తే మళ్లీ ఆరు నెలలు దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. దగ్గరి ద్వీపాలకు నెల లోపు వెళ్లివచ్చినంత మాత్రాన కొత్త గడువు వస్తుందని నమ్ముకోకూడదు. ఐ-94లో ఉన్న తేదీనే చూసుకోవాలి.

మా తరం వాళ్లం రేడియో వ్యాఖ్యానాలు వింటూ పెరిగాము. అందువల్ల వెస్టిండీస్ అంటే ఒక దేశమన్న భావన మనలో చాలామందికి ఉంది. అది క్రికెట్ జట్టు పేరే గాని, ఆ పేరుతో పాస్‌పోర్టు ఇచ్చే దేశం ఎక్కడా లేదు. 2024 జూన్ 29న మన జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచిన బ్రిడ్జ్‌టౌన్ బార్బడోస్‌ది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ట్రినిడాడ్-టొబాగోది. ఈ రెండు దేశాలూ మన పర్యాటకులను ముందస్తు వీసా లేకుండా రానిస్తాయి. అట్లాగని వీసా అక్కరలేదంటే పాస్‌పోర్టు అక్కరలేదని కాదు. మార్టినీక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్ భూభాగాలు, అయినా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి అయిన షెంజెన్ ప్రాంతంలో లేవు కాబట్టి షెంజెన్ వీసా ఉంది కదా అని బయలుదేరరాదు. అరూబా, కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యంలోనివి. ప్యూర్టోరికో, అమెరికా వర్జిన్ ద్వీపాలు అమెరికావే. అమెరికా నుంచి నేరుగా విమానంలో అక్కడికి వెళ్తే దేశం దాటినట్టు కాదు, కాని వర్జిన్ ద్వీపాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు అధికారుల తనిఖీ ఉంటుంది కాబట్టి మన పాస్‌పోర్టు, వీసా దగ్గర ఉండవలసిందే.

హైదరాబాద్ నుంచి విమానంలోనే ద్వీపాలకు వెళ్లే ప్యాకేజీలను ఇప్పుడు మన జిల్లా కేంద్రాలలో కూడా అమ్ముతున్నారు. మన దేశం నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే, విమానం మారడానికి రెండు గంటలు ఆగినా అమెరికా వీసా కావాలి, ఎందుకంటే అక్కడి విమానాశ్రయాలలో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటు లేదు. లండన్, పారిస్ మీదుగా వెళ్లేవారు ఆయా దేశాల ట్రాన్సిట్ నియమాలు ముందే చూసుకోవాలి. ట్రినిడాడ్ వెళ్లివచ్చేవారికి మన దేశమే ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతుంది. అది లేకుంటే తిరిగి వచ్చాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు గాని ఆ పత్రం అమలులోకి రాదు. ఆ టీకాను హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

పాస్‌పోర్టు అధికారులకు నాదొక విన్నపం. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి తపాలా కార్యాలయాలలో సేవా కేంద్రాలు వచ్చిన తరువాత మా బోటివారికి హైదరాబాద్ ప్రయాణం తప్పింది, అందుకు కృతజ్ఞులం. అదే కేంద్రంలో పాత పుస్తకానికి మూల కత్తిరించి ఇచ్చేటప్పుడు, అందులో గడువు ఉన్న వీసా ఉంటే, "ఈ పుస్తకాన్ని పారవేయవద్దు, ప్రతి విదేశీ ప్రయాణంలో కొత్తదానితో పాటు తీసుకువెళ్లండి" అని తెలుగులో అచ్చువేసిన ఒక చీటీ దానికి జతచేస్తే ఎంతో మేలు జరుగుతుంది. దానికి పెద్ద ఖర్చు కాదు. ట్రావెల్ ఏజెంట్లు కూడా ప్యాకేజీ ధర రాసిచ్చే కాగితం మీదనే, ఏ ప్రయాణికుడికి ఏ పత్రం కావాలో పేరు పేరునా రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఫోనులో చెప్పిన మాటకు రేవులో విలువ లేదు. సరైన పత్రం లేనివారిని ఎక్కించుకుంటే జరిమానా కట్టవలసింది ఓడ సంస్థే కాబట్టి, అక్కడి సిబ్బంది ఎంత బతిమాలినా వినరు.

మా వీధిలోనే ఒక కుటుంబం దసరా తరువాత కూతురి దగ్గరికి అట్లాంటా వెళ్తున్నది. అక్కడి నుంచి మయామీ వెళ్లి ఓడ ఎక్కాలని వారి ఆలోచన. మీ వ్యాసాన్ని కత్తిరించి వీసా కాగితాల ఫైలులో పెట్టుకున్నామని ఆ ఇంటి పెద్దాయన మొన్న నాతో అన్నారు. నేను వారికి చెప్పవలసినది చెప్పాను గాని, ఆ కత్తిరింపు ఇంకా ఎన్ని ఇళ్ల ఫైళ్లలో ఉందో నాకు తెలియదు. కాబట్టి రాబోయే ఆదివారం సంచికలో, అదే పేజీలో, "ఈ మినహాయింపు అమెరికా పౌరులకు మాత్రమే; భారత పాస్‌పోర్టు గలవారికి పాస్‌పోర్టు, గడువు ఉన్న వీసా తప్పనిసరి" అన్న సవరణను అందరికీ కనిపించేటట్టు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
రామగిరి, నల్లగొండ.