స్ప్రింగు ముక్క చూపిస్తే సరిపోదు

సంపాదకులకు,

యంత్రంలో కంప్రెషన్ స్ప్రింగు (నొక్కితే అణిగే రకం) విరిగితే ఆ ముక్క పట్టుకెళ్లి "అచ్చం ఇలాంటిదే చుట్టివ్వండి" అనడం మన వర్క్‌షాపుల్లో మామూలైపోయింది. ఏళ్ల తరబడి అణిగిన స్ప్రింగు ఎంతో కొంత కుంగి ఉంటుంది. దాన్ని చూసి చుట్టింది మొదటిరోజు నుంచే పొట్టిది.

అన్నిటికన్నా ముఖ్యం తీగ మందం. స్ప్రింగు బిగువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, ఆ మందానికి నాలుగో ఘాతంగా మారుతుంది. 2 మి.మీ. తీగ దొరకలేదని 1.9 వేస్తే తేడా కంటికి ఆనదు, బిగువు మాత్రం 18 శాతానికి పైగా పడిపోతుంది. అందుకే తుప్పు, పూత గీకేసి మైక్రోమీటరుతో కొలవాలి. 2 మి.మీ. ఉక్కు తీగ, చుట్ల సగటు వ్యాసం 16 మి.మీ., పనిచేసే చుట్లు 8 అయితే ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి దాదాపు అర కిలో బరువు పడుతుంది. రెండు చివర్లలో పక్క చుట్టుకు ఆనించి మూసిన రెండు చుట్లు ఈ లెక్కలోకి రావు. ఆర్డరులో "8 చుట్లు" అని ఊరుకుంటే మొత్తం ఎనిమిదే చుట్టొచ్చు. అప్పుడు పనిచేసేవి ఆరే, బిగువు మూడో వంతు పెరుగుతుంది.

చుట్టాక కార్బన్ స్టీలు స్ప్రింగును 230–290 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఓవెన్‌లో ఉంచాలి. గ్యాస్ మంట చూపిస్తే వేడి ఒకచోటే ఎక్కువై తీగ అక్కడ మెత్తబడుతుంది. కాస్త పొడవుగా చుట్టి, చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా మూడు నాలుగుసార్లు నొక్కితే కుంగేదేదో తయారీలోనే కుంగిపోతుంది.

బాధ కలిగించేది జింక్ ప్లేటింగ్ విషయం. యాసిడ్ కడుగుడులో, ప్లేటింగ్ తొట్టిలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది. తళతళలాడే స్ప్రింగు బిగించిన మర్నాడు ఏ దెబ్బా తగలకుండానే పటుక్కున విరుగుతుంది. తప్పు తీగ మీదికి పోతుంది. ఆ హైడ్రోజన్ బయటికి పోవాలంటే ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి 190–220 డిగ్రీల దగ్గర కనీసం 8 గంటలు ఉంచాలి. పసుపు రంగు పాసివేషన్ (జింక్‌ను కాపాడే రసాయన పొర) ఆ తర్వాతే, ముందే చేస్తే వేడికి పాడవుతుంది. మెరుపు అక్కర్లేని చోట ఫాస్ఫేటింగ్ (ఉక్కు మీద ఫాస్ఫేట్ పొర ఎక్కించడం) చేసి నూనె పట్టిస్తే చాలు, అయితే ఫాస్ఫేటింగ్‌కు ముందు కూడా యాసిడ్ వాడొద్దు.

ఐటీఐలలో ఈ విషయాలతో పాటే ఆర్డరు కాగితం రాయడమూ నేర్పాలి. అందులో ఉండాల్సినవి: ఐఎస్ 4454 (స్ప్రింగు తీగలకు భారతీయ ప్రమాణం) ప్రకారం తీగ గ్రేడు, మందం, బయటి వ్యాసం, మొత్తం చుట్లు, పనిచేసే చుట్లు, నొక్కని పొడవు, ఏ పొడవు దగ్గర ఎంత బరువు మోయాలి. సేఫ్టీ వాల్వు స్ప్రింగు మాత్రం ఎంత తొందరున్నా బయట చుట్టించకండి, వాల్వు తయారీదారు దగ్గరే తెప్పించుకోండి.

– స్ప్రింగుల తయారీలో ఉన్న పాఠకులు