చికాగోలోని చిన్నికి, బందరు నుంచి

మచిలీపట్నం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి హారికకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. చందు పరీక్షలు ముగిశాయి. నీ క్షేమ సమాచారం మాత్రం సంక్రాంతి తరువాత నుంచి "బాగున్నానమ్మా, పనిలో ఉన్నాను" అన్న ఒక్క వాక్యంగానే వస్తున్నది. అయినా నిన్ను ఏదో అడగాలని ఈ ఉత్తరం వ్రాయడం లేదు. ఈ మధ్య నేను వింటున్న సంగీతం గురించి నీకు తీరికగా చెప్పాలనిపించింది, అంతే.

నీ అలమర సర్దుతుంటే ఇంజనీరింగు రెండో ఏడు నాటి నోటుపుస్తకం దొరికింది. దాని వెనుక పేజీలో అమెరికా నల్లవాళ్ళ సంగీతం 'బ్లూస్' పేరు పెద్ద అక్షరాలతో వ్రాసి, కింద చార్లీ పాటన్, బ్లైండ్ విల్లీ జాన్సన్, మడ్డీ వాటర్స్, బి.బి. కింగ్ అని వరుసగా ఆ పాటగాళ్ళ పేర్లు పెట్టుకున్నావు. ఆ రోజుల్లో నువ్వు తలుపు వేసుకుని వింటుంటే వంటింట్లోకి గిటారు మోత వినిపించేది కాని, అదేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు మధ్యాహ్నం నాన్నగారు కునుకు తీసే వేళ చందు ఫోనును స్పీకరుకు కలిపి ఇస్తే, ఆ పేర్లు ఒక్కొక్కటిగా వింటున్నాను. రెండు నెలలయింది.

మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాను. మన చెవికి ఆధార స్వరమైన షడ్జం ఒకసారి నిలిచిందంటే కచేరీ ముగిసేదాకా కదలదు కదా. ఈ పాటల్లో నాలుగేసి దెబ్బల ఆవర్తనాలు పన్నెండు కలిస్తే ఒక చుట్టు. మొదటి నాలుగు షడ్జాన్ని ఆనుకుని ఉంటాయి, తరువాతి రెండు మధ్యమం మీదికి వెళతాయి, ఆపై రెండు షడ్జానికి తిరిగి వస్తాయి, చివరి నాలుగింటిలో పంచమాన్ని తాకి మళ్ళీ షడ్జానికి చేరతాయి. పాట నడుస్తుండగా తంబూరా శ్రుతిని ఎవరో మారుస్తున్నారనిపించి రెండుసార్లు ఆపించేశాను. పది రోజులు పోయాక ఆ రాకపోకలు అలవాటయ్యాయి. అప్పుడు గాంధారం వినిపించడం మొదలుపెట్టింది. అది కింది సాధారణ గాంధారమూ కాదు, పై అంతర గాంధారమూ కాదు, రెండింటి నడుమ ఎక్కడో ఊగుతూ ఉంటుంది. తోడి రాగం నేర్పేటప్పుడు మా మాస్టారు "స్వరం మెట్టు మీద ఉండదమ్మా, లాగిన తీగలో ఉంటుంది" అనేవారు. బి.బి. కింగ్ చేసేది సరిగ్గా అదే. మెట్టు మీద తీగను పక్కకు లాగి, అక్కడే వేలిని వణికిస్తాడు. ఆయన బంధువు బుక్కా వైట్ వేలికి గొట్టం తొడిగి, మన గోటువాద్యంలా తీగల మీద జార్చి వాయించేవాడట. కింగ్‌కు ఆ పద్ధతి చేతికి రాకపోవడంతో, ఆ నాదాన్ని ఒట్టి వేళ్ళతో పట్టుకోవాలని చేసిన సాధనలోంచే ఆ వణుకు పుట్టింది. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని స్వరాన్ని ఊపే గమకాలు పలికించాడని తెలిసిన దానిని, నీ గిటారులో గమకం ఉంటుందని నేనెందుకు అనుకోలేదో నాకు అర్థం కావడం లేదు.

గుడివాడ పెళ్ళిలో రమణి అత్తయ్య కనబడింది. నువ్వు ఉద్యోగం మానేశావనీ, రాత్రుళ్ళు ఏదో క్లబ్బులో గిటారు వాయిస్తున్నావనీ వాళ్ళ అబ్బాయి స్నేహితుడెవరో చెప్పాడట. నలుగురిలో ఆ మాట పెరగకూడదని నేను భోజనాల దగ్గరికి లేచి వెళ్ళాను. మాట వచ్చింది కనుక వ్రాశాను, నిన్ను నిలదీయాలని కాదు.

ఈ పాటలు పుట్టిన చోటును మిసిసిపీ డెల్టా అంటారని చదివి, మన కృష్ణ డెల్టాలాగే నది సముద్రంలో కలిసే చోటేమో అనుకున్నాను. పటం తెప్పించి చూస్తే అది సముద్రానికి చాలా ఎగువన, మెంఫిస్ నుంచి విక్స్‌బర్గ్ దాకా మిసిసిపీ నదికీ యాజూ నదికీ నడుమ పరచుకున్న ఒండ్రు నేల. అంతా పత్తి. పండించిన నల్లవాళ్ళలో ఎక్కువమందికి సొంత నేల లేదు. సగం పంటకు సేద్యం చేస్తూ భూస్వామి దుకాణం అప్పు ఏ ఏటికా ఏడు తీర్చలేకపోయేవారు. 1927 ఏప్రిల్ 21న మౌండ్స్ ల్యాండింగ్ దగ్గర కరకట్ట తెగి ఆ నేలలో చాలా భాగం మునిగింది. చార్లీ పాటన్ 1929లో ఆ వరద మీద పాట కట్టి రికార్డుకు రెండు వైపులా పాడాడు. గ్రీన్‌విల్, లీలాండ్ అంటూ మునిగిన ఊళ్ళను పేరుపేరునా పిలుస్తాడు. ఆ గొంతు ఎంత గరుకుగా ఉందంటే మాటలు సగం కూడా తెలియలేదు. ఊళ్ళ పేర్లు మాత్రం తెలిశాయి. స్పీకరు ఆపి కాసేపు పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఎందుకో నీకు చెప్పాలి. దివిసీమ ఉప్పెన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాని, ఇది నేను ఎవరికీ చెప్పలేదు. 1977 నవంబరు 19న నాకు పదేళ్ళు. ఆ ఉదయం పెద్దమావయ్య గొడ్లను తోలుకుని పాలకాయతిప్ప వైపు వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. తాతయ్య మమ్మల్ని కరణంగారి డాబా మీదికి ఎక్కించాడు. ఆ నీటి చప్పుడు నేను వర్ణించలేను, వర్ణించను. మూడో నాడు మా ఎర్రావు ఒక్కటే, మెడలో తెగిన పలుపుతో, ఎక్కడెక్కడో తిరిగి ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని అమ్మమ్మ దాని మెడ పట్టుకుని శోకన్నాలు పెట్టింది.

"ఎర్రావు తిరిగొచ్చె, నా కొడుకు రాలేదు
ఎర్రావు తిరిగొచ్చె, నా కొడుకు రాలేదు
తలుపు తీసే ఉంచండి, తడిసొస్తాడు కొడుకు"

ఆ తరువాత సొర్లగొంది, హంసలదీవి అంటూ ఊళ్ళను పిలిచేది, మళ్ళీ ఎర్రావు దగ్గరికి వచ్చేది. రోజులు కాదు, నెలల తరబడి అదే. బియ్యం చెరుగుతూ, పొయ్యి ఊదుతూ, ఎప్పుడూ మొదటి మాట రెండుసార్లు, మూడోది ఒకసారి. మరుసటి ఏడు నాకు వీణ మొదలయింది. ఒకనాడు పాఠం నడుస్తుండగా అమ్మమ్మ గొంతు లోపలి నుంచి వినిపిస్తే నాకు సిగ్గు వేసి, వీణ దించేసి వెళ్ళి, "మాస్టారు వింటున్నారమ్మా, ఆపు" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి ఆపేసింది. ఆ తరువాత నా ఎదుట ఆమె ఎన్నడూ ఆ రాగం ఎత్తలేదు. నా పెళ్ళికి గాని, నువ్వు పుట్టినప్పుడు గాని, పోయే ముందు గాని ఎత్తలేదు. బ్లూస్ పాటలో సాధారణంగా మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి మూడో పాదంతో దానికి జవాబు చెబుతారని ఇప్పుడు తెలుసుకున్నాను. అమ్మమ్మకు ఎవరు నేర్పారు? అదే 1977లో, మా ఉప్పెనకు రెండు మూడు నెలల ముందు, ఆకాశంలోకి పంపిన రెండు వాయేజర్ నౌకల్లో బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డాలస్‌లో రికార్డు చేసిన పాట కూడా వెళ్ళింది. అందులో మాటలే లేవు. గిటారు వెంట మూలుగు మాత్రమే. దాన్ని నక్షత్రాల దాకా పంపినవాళ్ళున్నారు. నేను వంటింటి దాకా కూడా ఉండనివ్వలేదు.

నీ గిటారు అటకెక్కిన రోజున కూడా నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. అది అలా ఉంచు.

మడ్డీ వాటర్స్ గురించి మాత్రం నువ్వు శ్రద్ధగా చదవాలి. ఆయన స్టోవాల్ పత్తి ఎస్టేటులో ట్రాక్టరు నడిపేవాడు. 1941లో ప్రభుత్వ గ్రంథాలయం తరఫున అలన్ లోమాక్స్ వచ్చి ఆయన పాటలు రికార్డు చేశాడు. తన గొంతును తానే విన్నాక ధైర్యం వచ్చి, 1943లో రైలెక్కి నువ్వున్న చికాగోకే చేరాడు. అక్కడి క్లబ్బుల గోలలో మామూలు గిటారు వినబడక ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. అయితే పేరు వచ్చేదాకా పగలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, లారీ నడుపుతూ, రాత్రుళ్ళు మాత్రమే వాయించాడని గమనించు. పగటి పని ఉన్నవాడికి అద్దె భయం ఉండదు, అద్దె భయం లేనివాడి చేయి వణకదు. వీసా సంగతి నాకు పూర్తిగా తెలియదు కాని, ఉద్యోగం పోతే గడువు లోపల ఇంకొకటి చూసుకోవాలని చందు చెప్పాడు. నువ్వే మానేశావా, వాళ్ళే తీసేశారా? తీసేసి ఉంటే అందులో నీ తప్పేమీ లేదు. ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను, తల్లీ, చేయి ఆగలేదు.

ఇంకొక మాట. 1949 చలికాలంలో అర్కన్సా రాష్ట్రంలోని ట్విస్ట్ అనే ఊళ్ళో బి.బి. కింగ్ వాయిస్తున్న హాలులో వెచ్చదనానికి పీపాలో కిరసనాయిలు వెలిగించారు. ఎవరో ఇద్దరు కొట్టుకుని దాన్ని తన్నేశారు. బయటపడ్డ కింగ్ గిటారు కోసం మళ్ళీ మంటల్లోకి వెళ్ళాడు. ఇద్దరు మనుషులు చనిపోయారు. ఆ కొట్లాట లూసిల్ అనే అమ్మాయి గురించి అని తెలిసి, మళ్ళీ అటువంటి పని చేయకూడదని గుర్తుండేందుకు తన గిటార్లన్నింటికీ ఆ పేరే పెట్టుకున్నాడు. నీ గదిలో హీటరు మంచానికి ఎంత దూరంలో ఉందో నాకు చెప్పు. గిటారు పెట్టె దాని పక్కన పెట్టకు. రాత్రి ఆలస్యమైతే ఒంటరిగా రైలులో రాకు. చెవులకు టోపీ తప్పక పెట్టుకో.

నిన్న పార్సిలు పంపాము. కందిపొడి, గోంగూర పచ్చడి, రెండు జతల ఉన్ని మేజోళ్ళు ఉన్నాయి. పచ్చడి సీసా మూత మీద మైనం వేశాను, నెమ్మదిగా తియ్యి.

అటక మీద నుంచి గిటారు దించింది నాన్నగారే. నిద్రపోతున్నారనుకున్న మనిషి మూడు వారాల కిందట గదిలోకి వచ్చి, పాట పూర్తయ్యేదాకా కూర్చుని విని, చందును నిచ్చెన తెమ్మన్నారు. బందరు ఉప్పుగాలికి తీగలన్నీ తుప్పు పట్టాయి. తీగలు కట్టే చెక్క కొంచెం లేచింది. ఇద్దరం విజయవాడ తీసుకువెళ్ళి బాగు చేయించాము. ఇప్పుడది నా వీణ పక్కనే ఉంది. తీగ లాగబోతే నా వేళ్ళు కోసుకుపోయాయి, వీణ తీగకంటే కటువుగా ఉంది.

ఈ ఉత్తరం అందిన ఆదివారం ఫోను చెయ్యి. ఏం చెప్పాలో తోచకపోతే మొదటి మాటే రెండుసార్లు చెప్పు. మూడోది వచ్చేదాకా నేను ఫోను పెట్టను. నాన్నగారూ పక్కనే ఉంటారు.

ఇట్లు,
నీ అమ్మ

మరచిపోయాను. దుకాణంలో సన్న తీగలా, లావు తీగలా అని అడిగారు. నీకు ఏవి అలవాటో తెలియక మధ్యరకం వేయించాను. నువ్వు వచ్చేలోపు మార్పించాలంటే ఏవో చెప్పు.