కాకినాడ తీరంలో పక్షుల గణన ఏడాది పొడవునా జరగాలి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరింగ మడ అడవులకూ హోప్ ఐలాండ్‌కూ మధ్య ఉన్న బురద నేలల మీద బతికే తీర పక్షుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మన తీరంలో అటవీ సిబ్బంది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు, స్వచ్ఛంద పరిశీలకులు కలిసి చేస్తున్న ఆ పని ఎంతో విలువైనది, అది కొనసాగాలి. అయితే ఏడాదికి ఒక్కసారి చేసే లెక్క ఈ తీరానికి చాలదు. నెలనెలా, ఆటుపోట్ల వేళలను బట్టి, ఒకే పద్ధతిలో ఈ గణన జరిపించాలన్నదే తమకు నా విన్నపం.

సముద్రం వెనక్కి తగ్గి బురద బయటపడగానే ఈ పక్షులు కిలోమీటర్ల మేర చెదిరిపోతాయి. ఉల్లంకి పిట్టలు నీటి అంచు వెంట పరుగులు తీస్తుంటాయి. కర్ల్యూలు తమ పొడవాటి వంకర ముక్కును మొదలంటా బురదలో దించి పీతలను బయటికి లాగుతాయి. ఆ వేళలో ఒడ్డున నిలబడి ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా చాలా పక్షులు కంటికి ఆనవు. పోటు ఎక్కాక అవే పక్షులు మునగని ఇసుక తిన్నెల మీదికి చేరి, గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఒత్తుగా నిలబడతాయి. నమ్మదగిన లెక్క దొరికేది అప్పుడే. అందుకు పడవ కావాలి, పోటు ఎక్కకముందే అక్కడికి చేరాలి, గుంపు బెదిరి లేవకుండా దూరాన ఆగి టెలిస్కోపుతో చూడాలి. అప్పుడు పరిశోధకులు వాటి కాళ్ళకు తొడిగిన ప్లాస్టిక్ పట్టీల మీది అక్షరాలు కూడా చదవవచ్చు. ఆ పక్షికి ఏ దేశంలో పట్టీ వేశారో దాన్నిబట్టే తెలుస్తుంది. ఏ తిన్నె ఎప్పుడు మునుగుతుందో ఇక్కడి పడవ నడిపే మత్స్యకారులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు కనుక, వారికి తగిన కూలి ఇచ్చి ఈ పనిలో కలుపుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

గ్రేట్ నాట్ అనే పక్షి ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరం దాకా వస్తుంది. బురదలోని చిన్న చిన్న గుల్లలను పెంకుతో సహా మింగి బతుకుతుంది. దక్షిణ కొరియాలోని సేమన్‌గమ్ వద్ద బురద నేలలను భూమిగా మార్చేందుకు కట్టిన 33 కిలోమీటర్ల సముద్రపు గోడను 2006లో మూసివేసినప్పుడు, వలస దారిలో అక్కడ ఆగే ఈ పక్షులు ఏమయ్యాయో తెలుసుకోవడానికి 2006 నుంచి 2008 దాకా వరుసగా లెక్కలు తీశారు. ఆ చోట వాటి సంఖ్య బాగా పడిపోయిందనీ, తగ్గినవి పక్క తీరాలకు చేరినట్టు కూడా కనిపించలేదనీ ఆ లెక్కల వల్లే తేలింది. నేడు ఆ పక్షి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) వారి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. రేపు కాకినాడ ఖాతం ఒడ్డున ఏ నిర్మాణం వచ్చినా, దానికి ముందూ తరువాతా పరిస్థితిని పోల్చి చూడాలంటే జనవరి లెక్క ఒక్కటీ సరిపోదు. తొలి ఏడాది గ్రేట్ నాట్ పిల్లలు చాలావరకు వేసవిలో ఉత్తరానికి తిరిగిపోకుండా దక్షిణ తీరాల్లోనే ఉండిపోతాయి. మే, జూన్ నెలల్లో ఎవరూ చూడకపోతే అవి ఇక్కడ ఉన్నట్టే నమోదు కాదు.

ఇండియన్ స్కిమ్మర్ విషయం మరింత ఆందోళనకరమైనది. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, దానితో నీటి పైపొరను కోసుకుంటూ ఎగిరి చేపను పట్టే ఈ పక్షి చంబల్, మహానది వంటి నదుల ఇసుక తిన్నెల మీద పిల్లలను చేసి, శీతకాలంలో వందల సంఖ్యలో కాకినాడ తీరానికి వస్తుంది. ఇదీ అంతరించే ప్రమాదంలోనే ఉంది. వరదలకూ తుపాన్లకూ తిన్నెలు ఆకారం మార్చుకుంటాయి కాబట్టి, ఏ నెలలో ఏ తిన్నె మీద వాలుతున్నాయో రాసుకోకుండా వాటికి రక్షణ ఏర్పాట్లు చేయడం సాధ్యం కాదు. హోప్ ఐలాండ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను తమ శాఖ సిబ్బందే ఏటా కాపాడుతున్నారు. వారికి పక్షులను గుర్తించే శిక్షణ ఇస్తే ఈ పనికి కొత్త యంత్రాంగం అక్కరలేదు.

ఒడ్డుకు దూరంగా సముద్రం మీదే తిరిగే పక్షుల గురించి మన దగ్గరున్న సమాచారం ఇంకా తక్కువ. తుపానుకు అలసి ఒడ్డున పడినప్పుడు తప్ప అవి మన కంటపడవు. సముద్రపు చేపల వనరులను సర్వే చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, విశాఖపట్నంలో ప్రాంతీయ కార్యాలయమున్న ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా నౌకల్లో ఒక పక్షి పరిశీలకుడికి చోటు ఇవ్వాలని రాష్ట్రం తరఫున కేంద్రాన్ని కోరవలసిందిగా మనవి.

వచ్చే ఆగస్టులో వలస పక్షుల రాక మొదలయ్యేలోగా కోరింగ, కాకినాడ ఒడ్డున కుంభాభిషేకం అని పిలిచే చోటు, హోప్ ఐలాండ్ ప్రాంతాలకు నెలవారీ గణనను మంజూరు చేయించి, పడవలకూ టెలిస్కోపులకూ నిధులు కేటాయించి, ప్రతి నెలా వచ్చిన లెక్కను ప్రజలందరూ చూసేలా తెలుగులో ప్రకటించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కాకినాడ తీరంలోని ఒక స్వచ్ఛంద పక్షి పరిశీలకుడు